రెండు గుప్పిళ్ళ ఉప్పు

ఉప్పు మడుల పక్కనున్న మడులపాలెంలో దీవెనమ్మ అని ఒకావిడ ఉండేది. ఎవరు ఏ పని చేసినా, వెనకాలే వెళ్ళి ఆ పని తన చేత్తో మళ్ళీ చేస్తే గానీ ఆవిడ మనసు కుదుటపడేది కాదు.

భర్త గేదెను కట్టేసి వస్తే, వెళ్ళి ఆ ముడి విప్పి మళ్ళీ కట్టేది. కోడలు కడిగి బోర్లించిన గిన్నెలు మళ్ళీ కడిగేది. "కడిగాను కదా అత్తయ్యా" అని కోడలంటే, "కడిగావులేమ్మా, కాదన్నానా" అనేది. చెయ్యి మాత్రం ఆపేది కాదు. అలాగని మనిషి చెడ్డది కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఊళ్ళో ఎవరు జ్వరపడినా గంజి కాచి పట్టుకెళ్ళేది దీవెనమ్మే. చర్చిలో స్త్రీల సమాజానికి పదేళ్ళుగా ఆవిడే పెద్ద. తల్లి పోయినప్పుడు నాలుగేళ్ళ తమ్ముడు రత్నాన్ని చంకనేసుకుని పెంచిందీ ఆవిడే.

ఆ చర్చిలో ఒక పద్ధతి ఉండేది. మంచి శుక్రవారం ఆరాధన మొదలైన దగ్గర్నుంచి ఈస్టరు ఆరాధన ముగిసేదాకా చర్చి ఆవరణలో పొయ్యి వెలిగించకూడదు. ప్రభువు సమాధిలో ఉండగా మనకు పిండివంటలేమిటని పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. మరి ఈస్టరు పొద్దున్నే పిల్లల చేతిలో ఏం పెట్టాలి? అందుకని శనివారం మధ్యాహ్నం పొయ్యితో పని లేని చిరుతిండి ఒకటి కలిపేవాళ్ళు. దానిపేరే కలగలుపు. బొరుగులు, ఎండలో పెళపెళలాడేదాకా ఆరబెట్టిన పల్చటి అటుకులు, అంగట్లో వేయించి అమ్మే వేరుశనగ గింజలు, పుట్నాల పప్పు, ఎండుకొబ్బరి ముక్కలు, ఎండుద్రాక్ష, పటికబెల్లం పలుకులు, విరిచిన బిస్కెట్లు, పైన రంగురంగుల చాక్లెట్ గోళీలు. నోటికి తియ్యగా తగిలి, అంతలోనే ఉప్పగా తగిలేది. ఒక గుప్పెడు తిన్నవాడు రెండో గుప్పెడు తినకుండా లేచింది నేను చూళ్ళేదు.

ఈ కలగలుపుకు రెండు నియమాలు ఉండేవి. ఈస్టరు ప్రార్థన కాకముందు ఎవరూ ఒక్క గింజ కూడా నోట్లో వేసుకోకూడదు. ఉప్పు ఒక్కరే వెయ్యాలి. అది ఉప్పు పండించే ఊరాయె, ఎవరి మడి ఉప్పు వాళ్ళకు గొప్ప. పదిమందీ తలా చిటికెడు వేస్తే ఇంకేమన్నా ఉందా? రుచి చూసుకునే వీలు లేదు గనక, చెయ్యి తప్పనివాళ్ళకే ఉప్పు అప్పగించేవాళ్ళు. ఆ ఏడు ఊరు ఎవరిని నమ్మిందో వాళ్ళకే ఆ పని దక్కేది. అది చిన్న మర్యాద కాదు.

ఆ ఏడు అయ్యగారు, అంటే అక్కడి పాస్టరుగారు, ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టలాదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడి, "ఈసారి ఉప్పు రత్నం వేస్తాడు" అన్నారు.

చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి. ఎందుకంటే రత్నం ఒకప్పుడు తాగుబోతు. తాగి మడి గట్ల మీద పడిపోతే ఊరివాళ్ళు ఎత్తుకొచ్చి ఇంట్లో పడేసిన రోజులు ఎన్నో. రెండేళ్ళ కిందట అతని భార్య సలోమి విసిగి వేసారి, పాప కెజియాను తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. కిందటి వానాకాలంలో రత్నం తాగుడు మానేశాడు. ఎనిమిది నెలలైంది, చుక్క ముట్టలేదు. అయినా అతనికి ఎవరూ ఏ పనీ అప్పగించేవాళ్ళు కాదు. ఎదురుగా బాగానే మాట్లాడేవాళ్ళు, పక్కకు వెళ్ళి పెదవి విరిచేవాళ్ళు.

ఆ వారంలోనే సలోమి ఫోన్ చేసింది. "ఈస్టరుకు పాపను తీసుకుని వస్తాను. మీరు మారారని మీరు చెబితే నమ్మను. ఊరు చెప్పాలి. ఊరు చెబితే ఉంటాను, లేదంటే ఆరాధన అవగానే బస్సెక్కేస్తాను. మళ్ళీ రానండీ" అంది.

రత్నం ఫోన్ పెట్టేసి అక్క దగ్గరకు పరుగెత్తాడు. "అక్కా, సలోమి వస్తోంది. పాప వస్తోంది. అయ్యగారు నాకు ఉప్పు ఇచ్చారని దానికి తెలుస్తుంది కదా" అన్నాడు. దీవెనమ్మ అతని తల నిమిరి, "తెలుస్తుందిరా నాన్నా" అంది.

శనివారం మధ్యాహ్నం స్త్రీలందరూ కలిసి చర్చిలో గంగాళం నింపి, దీవెనమ్మ తప్ప మిగతావాళ్ళు ఇళ్ళకు వెళ్ళారు. రత్నం స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. తన మడిలోని కల్లుప్పును మెత్తగా దంచి డబ్బాలో తెచ్చుకున్నాడు. నువ్వుల నూనె చేతులకు రాసుకుని గింజలకు పట్టించాడు, అప్పుడే ఉప్పు అంటుకుంటుంది. తర్వాత గంగాళానికి ఎంత పడుతుందో మనసులో అనుకుని, రెండు గుప్పిళ్ళు తీసి చుట్టూ తిరుగుతూ చల్లాడు. ఇంత పెద్ద పని అతను చేసి ఎన్నాళ్ళైందో పాపం, చేతులు వణికాయి. కాస్త ఉప్పు నేల మీద కూడా రాలింది. అడుగు నుంచి పైకి బాగా కలిపి, తెల్లటి గుడ్డ కప్పాడు.

"అయిపోయిందక్కా. పాప వచ్చేసరికి ఇంటికి సున్నం వెయ్యాలి, వెళ్తాను" అన్నాడు.

"వెళ్ళిరా" అంది దీవెనమ్మ. తలుపు దగ్గర కూచుని అంతా చూస్తూనే ఉంది ఆవిడ.

అతను వెళ్ళాక దీవెనమ్మకు నిలకడ లేకుండా పోయింది. నేల మీద రాలిన ఉప్పు కనిపించింది. వాడి చేతులు వణికాయి కదా, ఉప్పంతా కిందే పోయిందేమో? చప్పగా ఉంటే రేపు పిల్లలు మొహం చిట్లిస్తారు, సలోమి చూస్తుంది, వీడి బతుకు మళ్ళీ మొదటికొస్తుంది. రుచి చూద్దామంటే నియమం అడ్డం. పోనీ రత్నాన్ని పిలిచి అడగొచ్చుగా? ఆ ఆలోచనే రాలేదు ఆవిడకు. రత్నం వదిలి వెళ్ళిన ఉప్పు డబ్బా అక్కడే ఉంది, అందులోంచి మొదట చిటికెడు అనుకుంది. తర్వాత గుప్పెడు అయింది. అదీ సరిపోదనిపించి ఇంకో గుప్పెడు వేసి కలిపింది. గుడ్డ కప్పి, నేల ఊడ్చి, హమ్మయ్య అనుకుని ఇంటికి వెళ్ళింది.

ఆదివారం తెల్లవారుతుండగా సముద్రం వైపు తిరిగి అందరూ పాటలు పాడారు. మొదటి బస్సుకు సలోమి వచ్చింది. చేతిలో బట్టల సంచీ, వేలు పట్టుకుని ఆరేళ్ళ కెజియా. రత్నం దూరం నుంచే చూసి నవ్వాడు, దగ్గరకు వెళ్ళడానికి ధైర్యం చాల్లేదు. అయ్యగారు ప్రార్థన ముగించి, "ఈ ఏడు ఉప్పు మన రత్నం వేశాడు. మొదటి పొట్లం వాళ్ళ పాపకే" అన్నారు. రత్నం కాగితం పొట్లం నింపి, వంగి, కూతురి చేతిలో పెట్టాడు. రెండేళ్ళ తర్వాత కూతురికి అతను తన చేత్తో పెట్టిన మొదటి తిండి అది.

కెజియా గుప్పెడు నోట్లో పోసుకుంది. నమిలింది. మొహం ముడుచుకుపోయింది. పాపం ఉమ్మెయ్యకుండా ఉందామనే చూసింది గానీ వల్ల కాలేదు. "నాన్నా, ఉప్పు" అంది చిన్నగా.

మిగతా పిల్లలు కూడా గంగాళంలోంచి తలా గుప్పెడు తీసుకుని తిని తుపుక్కున ఉమ్మేశారు. నీళ్ళకోసం కుళాయి దగ్గరకు పరిగెత్తారు. పెద్దవాళ్ళు గింజ నోట్లో వేసుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుందరమ్మ అనే ఆవిడ ఊరుకోలేక, "నిన్న ఇటు పోతూ వీడి చేతులు వణకడం కిటికీలోంచి నేనే చూశాను. మళ్ళీ మొదలెట్టాడేమో, ఎవరికి తెలుసు" అంది. ఆ మాట నిమిషంలో ఆవరణంతా పాకింది.

"నేను తాగలేదు" అన్నాడు రత్నం. "రెండు గుప్పిళ్ళే వేశాను. రెండే." అతను తన చేతులకేసి చూసుకున్నాడు. "రెండేనా? నాలుగు వేశానేమో. లెక్క తప్పానేమో" అని తనలో తానే గొణుక్కున్నాడు. తన మీద తనకే నమ్మకం పోయింది ఆ మనిషికి.

సలోమి కింద పెట్టిన సంచీ చేతిలోకి తీసుకుంది. "పద తల్లీ" అంది పాపతో.

దీవెనమ్మ గంగాళం పక్కనే నిలబడి ఉంది. పదేళ్ళుగా ఆ చర్చిలో ఆవిడ చేసిన పనిలో ఒక్క వంక పెట్టినవాళ్ళు లేరు. ఉప్పు నియమం తప్పిన మనిషిగా, పైగా స్త్రీల సమాజం పెద్దగా, అందరి ముందూ ఎలా నిలబడాలి? తర్వాత రత్నానికి ఇంట్లో చెప్పుకుందాం అనిపించింది. ఒక్క క్షణం నిజంగానే అలా అనుకుంది. అప్పటికి సలోమి గేటు దాకా వెళ్ళింది. తమ్ముడు చేతులు చూసుకుంటూ అలాగే నిలబడి ఉన్నాడు.

"ఆగు సలోమీ" అంది దీవెనమ్మ. "వాడు రెండే వేశాడు. మిగతా రెండూ నేను వేశాను."

అందరూ ఇటు తిరిగారు.

"వాడు వెళ్ళాక వేశాను. వాడి చేతులు వణికాయని, వాడికి చేతకాలేదనుకుని వేశాను. నియమం తప్పింది నేను. పిల్లల నోళ్ళు పాడుచేసింది నేను. వాడు ఏ తప్పూ చెయ్యలేదు. ఎనిమిది నెలలుగా చెయ్యలేదు. అది నాకు తెలిసి కూడా వేశాను."

రత్నం మెల్లగా తలెత్తాడు. కోపం లేదు ఆ మొహంలో. "ఊరు నమ్మకపోతే సరే అనుకున్నానక్కా. నువ్వు కూడా నమ్మలేదా?" అన్నాడు.

దీవెనమ్మకు ఏడుపు ఆగలేదు. "నిన్ను కన్నకొడుకులా చూసుకున్నానురా. ప్రేమించాను. నమ్మడమే చేతకాలేదు నాకు. నీ బతుకు నిలబెడదామని పోయి, నేనే పడగొట్టబోయాను. నన్ను క్షమించరా" అంది. తల్లి పోయిన రోజు తర్వాత అక్క ఏడవడం రత్నం చూళ్ళేదు. దగ్గరకు వచ్చి భుజం పట్టుకున్నాడు.

సుందరమ్మ తల దించుకుని, "నేనూ నోరు పారేసుకున్నాను రత్నం, ఏమనుకోకు" అంది. అయ్యగారు ఏదో చెప్పబోయి మానేశారు. అక్కడ ఆయన ప్రసంగం అవసరం లేదు మరి.

సలోమి గేటు దగ్గర్నుంచి వెనక్కి వచ్చింది. భర్త మొహంలోకి చాలాసేపు చూసింది. "ఎనిమిది నెలలా?" అంది.

"ఎనిమిది నెలలు" అన్నాడు రత్నం.

"నిజమేనమ్మా" అన్నారు వెనకనుంచి ఎవరో. "నిజమే, చుక్క ముట్టలేదు" అన్నారు ఇంకొందరు. అప్పటిదాకా ఆ మాట గట్టిగా అనాలని వాళ్ళకు తోచనే లేదు.

సలోమి సంచీ దీవెనమ్మ చేతికి ఇచ్చింది. "ఇది ఇంట్లో పెట్టించండి వదినా, పాప బట్టలున్నాయి" అంది. తర్వాత కొంగు దోపుకుని గంగాళం దగ్గర కూచుంది. "ఉప్పు రెట్టింపైతే మిగతావన్నీ కూడా రెట్టింపు చేస్తే సరి. పొయ్యి మీద వండిందా, మాడిందా? ఇళ్ళల్లో ఉన్న బొరుగులు, అటుకులు, పప్పులు తెండి. ఉప్పు మాత్రం తేకండి" అంది. అందరికీ నవ్వొచ్చింది.

పిల్లలు తలో ఇంటికీ పరిగెత్తి తలో డబ్బా తెచ్చారు. ఉతికిన దుప్పటి పరిచి గంగాళాన్ని దాని మీద బోర్లించారు. కొత్త బొరుగులు, అటుకులు, పప్పులు, గింజలు, ఎవరింట్లోనో మిగిలిన బెల్లం కోరు అన్నీ పోశారు. ఒకవైపు రత్నం, ఒకవైపు సలోమి కూచుని కలిపారు. కెజియా మధ్యలో దూరి చాక్లెట్ గోళీలు ఏరుకుంటుంటే ఎవరూ వద్దనలేదు.

కలపడం అయ్యాక రత్నం అక్క వైపు చూశాడు. ప్రార్థన ఎప్పుడో అయిపోయింది గనక ఇప్పుడు రుచి చూడొచ్చు. "అక్కా, సరిపోయిందో లేదో ఒక్కసారి చూస్తావా?" అని గుప్పెడు తీసి చాపాడు.

దీవెనమ్మ చెయ్యి దానంతటదే ముందుకు వచ్చింది. అలవాటు అంత తొందరగా పోదు కదా. కానీ ఆవిడ ఆ గుప్పెడు అందుకుని, నోట్లో వేసుకోకుండా, పక్కనున్న పిల్ల పొట్లంలో పోసేసింది. "నువ్వు కలిపావుగా. నేనెందుకు చూడటం? పిల్లలు ఆకలితో ఉన్నారు, పెట్టు" అంది.

రత్నం పొట్లాలు నింపడం మొదలుపెట్టాడు. ఈసారి చెయ్యి వణకలేదు.

నీతి: ఒకరికి పని అప్పగించినప్పుడు దానితోపాటు మన నమ్మకం కూడా అప్పగించాలి, నమ్మకం లేని ప్రేమ మనం ప్రేమించేవాళ్ళకే కీడు చేస్తుంది.