పావుకోళ్ళ ముందు కూర్చున్న తవిటమ్మ

ఇలా దగ్గరకి జరగండి. కాళ్ళు బారజాపుకోండి, ఫరవాలేదు. ఇది ముడుచుకుని కూర్చుని వినే కథ కాదు.

అనగనగా ఒక ఏరు. ఏటి ఒడ్డున ఒక కోట. కోటలో ఒక దొర. ఎన్నాళ్ళ కిందటి మాటో నాకూ తెలీదు, మా అమ్మమ్మకి చెప్పిన ముసలమ్మకీ తెలీదు.

కోట వెనక ఒక దంపుళ్ళ సాల ఉండేది. వాడలో ఆడవాళ్ళంతా అక్కడే దొరగారి వడ్లు దంచేవారు. పొద్దు పొడవకముందు రోకలి పట్టుకుంటే పొద్దుగూకాకే దించడం. దం, దం, దం. కోటలోవాళ్ళు ఆ చప్పుడుకే నిద్రలేచేవారు, ఆ చప్పుడులోనే అన్నాలు తినేవారు.

దంచడం నిలబడే దంచాలి, సరే. గంజి తాగేటప్పుడైనా కూర్చోవచ్చు కదా? బియ్యం చెరిగేటప్పుడైనా కూర్చోవచ్చు కదా? కూడదు. సాల మధ్యలో ఒక పీట. పీట మీద పట్టుబట్ట. పట్టుబట్ట మీద దొరగారి పావుకోళ్ళు. అవి ఉన్నాయంటే దొరగారు కొలువై ఉన్నట్టేనట! దొర ఎదుట ఎవరు కూర్చుంటారు? ఆయనగారు మాత్రం మేడ మీద పరుపెక్కి గురక పెడుతూ ఉండేవాడు.

పావుకోళ్ళు కూర్చునేవి. మనుషులు నిలబడేవారు.

సాయంత్రానికి ఆ ఆడవాళ్ళ కాళ్ళు చూడాలి. మడమలు పగిలి, పాదాలు పొంగి, పిక్కలు బిగుసుకుపోయి ఉండేవి. గోడలు పట్టుకుని ఇళ్ళకి చేరేవారు.

వాళ్ళలో ఒకతె తవిటమ్మ. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాతి బిడ్డని పొరుగింటికి చేటెడు తవుడుకి అమ్మేసినట్టు చేసి మళ్ళీ తెచ్చుకుంటారు కదా, అలా బతికి బట్టకట్టిన పిల్ల. పెద్దదైంది, పెళ్ళయింది, మొగుడు పోయాడు, పిల్లల్లేరు, తల నెరిసింది. నోరు మాత్రం ఉంది. ఇంటికి రాగానే పొయ్యి మీద పెంకు పెట్టి, తవుడూ రాళ్ళుప్పూ వేయించి, గుడ్డలో మూటగట్టి, కాళ్ళు నొప్పన్న ప్రతి ఆడదానికీ కాపడం పెట్టేది. పెడుతూ తిట్టేది.

"సాయంత్రం నాను కాపడం ఎట్టడం, తెల్లారితే ఆ సెక్కముక్కలు మళ్ళీ మీ కాళ్ళు వాయగొట్టడం. ఎన్నాళ్ళే ఇది?"

పక్కింట్లో అసిరి అని ఒక చిన్నది ఉండేది. కడుపుతో ఉంది. అంతకుముందు కడుపు ఆ సాలలో నిలబడి నిలబడే పోయింది. ఇప్పుడు మళ్ళీ కాళ్ళు గుమ్మడికాయల్లా ఉబ్బాయి. పని మానితే ఇంట్లో గింజ ఉండదు.

"ఇది కూడా దక్కదేటే అమ్మమ్మా?" అని తవిటమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది.

తవిటమ్మకి కడుపు మండిపోయింది. "దక్కుద్ది. నువ్వు కూకుంటావు. నాను సెప్తన్నాను."

తెల్లవారి సాల పెత్తందారు చలమయ్యని అడిగింది. "బాబూ, ఈ గుంట కడుపుతో ఉంది, నిలబడలేకపోతంది. కూకుని సెరుగుద్ది."

"దొరగారు కొలువులో ఉన్నారు, కళ్ళు కనిపించడం లేదా?" అన్నాడు చలమయ్య.

రెండోరోజు అడిగింది. "దొరగారు కొలువులో ఉన్నారు."

మూడోరోజు చలమయ్యని అడగనే లేదు. తిన్నగా పీట దగ్గరికి పోయి పావుకోళ్ళకే దణ్ణం పెట్టింది.

"దొరా! మా అసిరి కూకుంటాదంట. కాదంటే ఇప్పుడే సెప్పండి."

రోకళ్ళు గాలిలో ఆగిపోయాయి. పావుకోళ్ళు ఏం చెబుతాయి, వాటి మొహం!

"సూసినారా? దొరగారు కాదనలేదు. కూకోవే అసిరీ!"

అసిరి కూర్చుంది. దానికి తోడుగా తవిటమ్మ కూడా చతికిలబడి, కాళ్ళు రెండూ పావుకోళ్ళ వైపే చాపింది.

చలమయ్య మేడ మీదికి పరుగెత్తాడు. దొర మండిపడ్డాడు. "దాన్ని కోట గుమ్మం ముందు నిలబెట్టండి. తప్పయిందని చెప్పేదాకా కూర్చోనివ్వకండి."

బండరాతి మీద, ఎర్రటి ఎండలో నిలబెట్టారు.

కాసేపటికి చలమయ్య వచ్చాడు. "తప్పయిందను, కూర్చో."

"నిలబడతాను. తప్పనను."

మిట్టమధ్యాహ్నం వచ్చాడు. అప్పటికి అరికాళ్ళు బొబ్బలెక్కాయి. "తప్పయిందను, కూర్చో."

"నా కాళ్ళనడుగు. అవేటి తప్పు సేసినాయో అవే సెప్తాయి."

మూడోసారి వచ్చేసరికి ఆమె గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. "తప్పయిందని ఒక్కమాట అనవే, చచ్చిపోతావు!"

అప్పుడు తవిటమ్మ సాలలోకి వినపడేలా గొంతెత్తి అరిచింది. "కూకున్నాను! మళ్ళీ కూకుంటాను! మీరూ కూకోండే!"

సాలలో ముందు ఒక రోకలి ఆగింది. తర్వాత దాని పక్కది. తర్వాత అన్నీ ఆగాయి.

కోట కోటంతా చెవులు రిక్కించింది. వంటవాళ్ళు గరిటెలతో బయటికొచ్చారు. దొర అన్నం ముందునుంచి లేచి, చెయ్యైనా కడుక్కోకుండా వచ్చాడు. వచ్చి చూస్తే ఏముంది? ఆడవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. అందరి కాళ్ళూ పీట వైపే. తవిటమ్మని చేతుల మీద మోసుకొచ్చి నడిమధ్యలో కూర్చోబెట్టుకున్నారు. అసిరి ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకుని, పిక్కల మీద తవుడు మూట మెల్లమెల్లగా అద్దుతోంది.

"లేవండి!" అన్నాడు దొర. ఎవరూ లేవలేదు.

"లేవండి!" అన్నాడు. ఎవరూ లేవలేదు.

"నేను నిలబడి ఉంటే మీరు కూర్చుంటారా?" అని గావుకేక పెట్టాడు.

తవిటమ్మ నిదానంగా తలెత్తింది. "తమర్ని నిలబడమని ఎవరన్నారు బాబూ? కూకోండి."

కూర్చుందామంటే ఉన్నది ఒక్కటే పీట. దాని మీద తన పావుకోళ్ళే ఉన్నాయి. కింద కూర్చుంటే వీళ్ళతో సమానమైపోతాడు. అందుకని నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. ఎన్నడూ నిలబడి ఎరగని కాళ్ళు కదా, బరువు ఈ కాలి మీదికి మార్చాడు, ఆ కాలి మీదికి మార్చాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. చివరికి వంగి, పావుకోళ్ళు తీసి కాళ్ళకి తొడుక్కుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ అవి సాలకి రాలేదు.

అసిరికి ఆడపిల్ల పుట్టింది. దక్కింది.

తవిటమ్మ కాళ్ళే మళ్ళీ మామూలు కాలేదు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బతికినన్నాళ్ళూ గుమ్మంలో కూర్చునే ఉంది. పోయేముందు అసిరిని పిలిచింది. "నన్ను పడుకోబెట్టి పాతొద్దే. కూకోబెట్టి పాతండి."

పెద్దమనుషులు అడ్డొచ్చారు. కూర్చోబెట్టి సమాధి చేసేది మఠాల్లో స్వాములకేనట, వడ్లు దంచుకునేదానికి కాదట.

"సాములు కూకున్నారు, నిజమే," అంది అసిరి. "ఆళ్ళు ఎవుర్ని కూకోబెట్టినారు?"

పెద్దమనుషులు పక్కకి తప్పుకున్నారు. ఆడవాళ్ళే గునపాలు పట్టి గొయ్యి తవ్వారు. కాళ్ళు కోట వైపు చాపించి, కూర్చోబెట్టారు. పైన ఒక చదునుబండ వేశారు.

ఇప్పుడు ఆ కోట లేదు. మట్టిదిబ్బ మీద మేకలు మేస్తాయి. తవిటమ్మ బండ ఉంది. దానికి కొబ్బరికాయ కొట్టరు, పసుపు రాయరు. ఆ బండకి మొక్కంటే దాని మీద కూర్చోవడమే. నాట్లేసి వచ్చినవాళ్ళు, ఇటుకబట్టీలో మోసి వచ్చినవాళ్ళు, బట్టలకొట్లో పొద్దస్తమానం నిలబడి వచ్చిన పిల్లలు అందరూ కాసేపు దాని మీద కూర్చుని, కోటదిబ్బ వైపు కాళ్ళు చాపి మరీ ఇళ్ళకి పోతారు. ఇంట్లో తవుడు కాపడం పెట్టేటప్పుడు మొదటి అద్దు నేలకి అద్ది, "తవిటమ్మ కాళ్ళకి" అంటారు.

ఆ చుట్టుపక్కల ఎవరైనా పెద్దమనిషి "నా ముందే కూర్చుంటావా?" అని గుడ్లురిమితే, చంటిపిల్లలు కూడా లేవరు. కాళ్ళు ఇంకాస్త బారజాపి అంటారు:

"తమర్ని నిలబడమని ఎవరన్నారు బాబూ? కూకోండి."