ఇసుకదిబ్బ మీద పెళ్లి

ఎప్పటి సంగతో అడక్కండి పిల్లలూ, ఏడు సముద్రాలకు ఇవతలి ఒడ్డున వేలాపురం అనే రాజ్యం ఉండేది. దానికి వీరకంపనుడు రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు సింహకేతుకు కత్తి పక్కన లేకపోతే నిద్రపట్టదు. రెండోవాడు రత్నకేతుకు బొక్కసం తాళాలు మొలలో లేకపోతే అన్నం దిగదు. మూడోవాడు అరుణకేతుకు నోరు మూసుకుని ఊరుకోవడం చేతకాదు.

ఒక ఏడాది వానలు వెనకబట్టాక సముద్రం మీద పడవలు కనిపించాయి. ఒకటి, రెండు కాదు, కాకుల గుంపులా వచ్చాయి. అవి అవతలి ఒడ్డున ఉన్న చందనద్వీపం నుంచి వచ్చాయి. ఆ ద్వీపాన్ని భస్మకంఠుడనే మాంత్రికుడు పట్టుకున్నాడు. అతను వేలు చూపిస్తే చెట్టు కూలుతుంది, ఊదితే వాగు ఇంకిపోతుంది. అడవి పోయింది. అడవి వెనకే వాన పోయింది. వాన వెనకే పంట పోయింది. ఇక మిగిలిన మనుషులు పడవలెక్కారు.

రాజభటులు వాళ్లను రేవులోకి రానివ్వలేదు. రేవుకు ఎదురుగా సముద్రంలో ఒక ఇసుకదిబ్బ ఉంది. "సభ తేల్చేదాకా ఇక్కడే కూర్చోండి" అని అక్కడ దింపి, పడవలు లాక్కుపోయారు. మామూలు రోజుల్లో ఆ దిబ్బ మీదికి నీళ్లు రావు. పున్నమి పోటుకు మాత్రం మునిగిపోతుంది. ఆ సంగతి వేలాపురంలో పసిపిల్లలకు కూడా తెలుసు. సభలో కూర్చున్న పెద్దలకు ఇంకా బాగా తెలుసు.

సభ తీరింది. చందనపు స్తంభాల మధ్య, చల్లటి వాసనలో, అందరూ సర్దుకుని కూర్చున్నారు.

"సైన్యాన్ని పంపుదాం నాన్నగారూ!" అన్నాడు సింహకేతు. "మాంత్రికుడి తల తెస్తాను. వీళ్లను వీళ్ల ఇళ్లకు తోలేస్తాను. వాళ్లకు స్వేచ్ఛ, మనకు ద్వీపం."

"మధ్యలో ద్వీపం ఎందుకన్నయ్యా?" అన్నాడు అరుణకేతు.

"అంత దూరం వెళ్లి చేతులూపుకుంటూ వస్తామా?"

రత్నకేతు తాళాలు గలగలలాడించాడు. "సైన్యానికి ధాన్యం ఎక్కడిది? ఉన్నదంతా రేవు చుట్టూ గోడకు పెడదాం. ఇవాళ వీళ్లకు పీట వేస్తే రేపు ద్వీపాలన్నీ మన వాకిట్లో బారులు తీరతాయి."

అరుణకేతు లేచి నిలబడ్డాడు. "సైన్యానికుంది, గోడకుంది, గంజికి లేదా? ఆకలికి ఎల్లలు లేవు మహారాజా! మనిషి కాలు మోపిన నేలంతా మనిషిదే! గోడ కట్టుకునే రాజ్యం తనకు తానే చెరసాల కట్టుకుంటుంది!"

సభ పగలబడి నవ్వింది. "చినబాబు రాత్రంతా తాళపత్రాలు చదివినట్టున్నారు" అన్నాడు ఒక మంత్రి.

రాజుగారు గడ్డం నిమురుకుని ఇద్దరు పెద్దకొడుకులనూ సంతోషపెట్టారు. "సైన్యాన్నీ సిద్ధం చేయండి. గోడా మొదలుపెట్టండి. దిబ్బ మీద వాళ్ల సంగతి తర్వాత చూద్దాం."

అరుణకేతు కోపంతో ఊగిపోతూ చిన్న తెప్ప వేసుకుని దిబ్బకు వెళ్లాడు. అక్కడ చెంగల్వ అనే అమ్మాయి జబ్బుపడిన తల్లి తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎండ తగలకుండా కొంగు పట్టింది.

"నువ్వేనా చిన్న రాజకుమారుడివి? మీ సభలో అరుపులు ఇక్కడిదాకా వినిపించాయి. గొంతు బాగుంది. గంజి తెచ్చావా?"

అతను తేలేదు. ఆ ఆలోచనే రాలేదు.

"గంజి కాదు, న్యాయం తెస్తాను. మాంత్రికుణ్ణి చంపి పున్నమిలోగా వస్తాను. మీరంతా మీ ఇళ్లకు వెళ్లిపోవచ్చు."

"నేను ఇల్లు అడగలేదయ్యా. మా అమ్మను తడవని చోట పడుకోబెట్టాలి. అంతే."

ఆ మాట అతనికి వినిపించలేదు. అతని చెవుల్లో అప్పటికే భేరీలు మోగుతున్నాయి. పిల్లలూ, ఆ క్షణాన అన్నకూ తమ్ముడికీ ఉన్న తేడా ఒక్క సైన్యమే.

ద్వీపం నుంచి పడవల వెంట ఈదుకుంటూ వచ్చిన ముసలి తాబేలు ఒకటి ఆ మాటలు విన్నది. "నా వీపెక్కు" అంది. "మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. అది ఎక్కడుందో ఎవరికీ తెలీదు. చేరవేయడం వరకే నా పని."

ఇద్దరూ బయలుదేరారు. ఉప్పు సముద్రం దాటారు, అందులో చేపలు లేవు. పాల సముద్రం దాటారు, అది విరిగిపోయి ఉంది. తేనె సముద్రం దాటారు, దాని మీద తేనెటీగలు చచ్చి తేలుతున్నాయి. తక్కిన నాలుగు సముద్రాలకు పేర్లు కూడా మిగల్లేదు. అవీ దాటారు.

చందనద్వీపమంతా బూడిద. ఆ బూడిద మధ్య భస్మకంఠుడు కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు.

"నన్ను చంపడానికొచ్చావా బుల్లోడా? సరే, పందెం. ఈ ద్వీపం మీద నాకు దోసెడు నీడ చూపించు. బొట్టు నీరు చూపించు. ఒక్క పక్షి కూత వినిపించు. మూడూ చేస్తే నా జోలికి రావచ్చు. లేకపోతే బూడిదలో బూడిదైపోతావు."

అరుణకేతు చుట్టూ చూశాడు. చెట్టు లేదు, రాయి లేదు, నడినెత్తి ఎండలో తన నీడ కూడా లేదు. తాబేలు నాలుగు కాళ్లూ చాపి పైకి లేచింది. దాని డిప్ప కింద దోసెడు నీడ.

"ఒకటి" అన్నాడు మాంత్రికుడు విసుగ్గా.

ఆ నీడ తప్ప ఇంకే నీడా లేని నేలను చూస్తే అరుణకేతుకు దుఃఖం ఆగలేదు. కన్నీటి బొట్టు బూడిదలో పడి చిన్న గుంట చేసింది.

"రెండు. కూత ఏదిరా?"

"కూత కూడా ఉంది. నువ్వే దాచుకున్నావు. దాచుకుని పందెం కాస్తావా, దొంగా?"

మాంత్రికుడికి పౌరుషం వచ్చింది. "నేనా దొంగ? నా దగ్గరున్నది మూగది! కూత మరిచిపోయి ఏళ్లయింది. కావాలంటే చూసుకో!" అని అంగీలోంచి బంగారు పంజరం తీశాడు. అందులో ఈకలు రాలిన చిలక.

అరుణకేతు మెల్లగా అడిగాడు. "చిలకమ్మా, నువ్వు పుట్టిన చెట్టు పేరేమిటి?"

చిలక నోరు తెరిచింది. "పొగడ" అంది. తర్వాత ఆగలేకపోయింది. "పొగడ, చందనం, సంపెంగ, మద్ది, నేరేడు..." అంటూ కూలిన చెట్ల పేర్లన్నీ అరుస్తూనే ఉంది. మాంత్రికుడు నివ్వెరపోయి చూస్తుండగా అరుణకేతు పంజరం లాక్కుని చిలక మెడ పట్టుకున్నాడు.

"చెట్లన్నీ తిరిగి మొలిపించు!"

భస్మకంఠుడు వణుకుతూనే నవ్వాడు. "నా దగ్గరెక్కడున్నాయి? మీ నాన్ననడుగు. కొలువుకు స్తంభాలు కావాలన్నది ఎవరు? యుద్ధానికి ఓడలు కావాలన్నది ఎవరు? నేను వేలు చూపించేవాణ్ణి, అంతే. అది ఎటు చూపించాలో మీ ఒడ్డే చెప్పింది."

"ఆలోచించకు. నాకు కూర్చోడానికి కొమ్మ లేదు" అంది చిలక.

మెడ విరిగింది. మాంత్రికుడు కుప్పకూలాడు. మనం విన్న కథల్లో మాంత్రికుడు చస్తే రాళ్లు మనుషులవుతాయి, మోడులు చిగురిస్తాయి. ఇక్కడ ఒక్క ఆకు కూడా మొలవలేదు. గాలికి బూడిద లేచి మళ్లీ అక్కడే పడింది.

పున్నమి రోజు మధ్యాహ్నానికి అతను తాబేలు వీపు మీద దిబ్బకు తిరిగొచ్చాడు. దిబ్బ సగానికి సగం మునిగి ఉంది. చెంగల్వ ఒళ్లో తల్లి లేదు. పొద్దుటి పోటు ఆమెను పట్టుకుపోయింది. చెంగల్వ ఎవరి పిల్లనో చంకనెత్తుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడింది. అతను చూడలేక తన తెప్పెక్కి ఒడ్డుకొచ్చి సభకు పరుగెత్తాడు.

"చచ్చాడా? శభాష్!" అన్నారు రాజుగారు. "ఇక వాళ్లను ఇళ్లకు వెళ్లమను."

"ఇళ్లు లేవు నాన్నగారూ. వాళ్ల అడవి ఇక్కడుంది. మీరు వీపు ఆనించుకున్న స్తంభం వాళ్లది. అన్నయ్య ఓడలు వాళ్లవి. వాళ్లు మన దేశానికి రాలేదు, తమ చెట్ల వెంట వచ్చారు!"

సభలో ఎవరూ నవ్వలేదు. ఈసారి అతను చెప్పింది నినాదం కాదు.

"మాంత్రికుణ్ణి నువ్వే చంపేస్తే, ఇంత తిండి తిన్న నా సైన్యం ఏం చెయ్యాలి?" అని సింహకేతు మండిపడ్డాడు. "గోడ సగంలో ఉంది, ఇప్పుడా ఈ మాటలు?" అన్నాడు రత్నకేతు.

రాజుగారు చాలాసేపు స్తంభాన్ని చూశారు. "నిజమే చెప్పావు నాయనా. రేపు మళ్లీ సభ పెడదాం."

పెద్ద పోటు ఆ సాయంత్రమే.

అరుణకేతు మళ్లీ దిబ్బకు వెళ్లాడు. ఒక్క తెప్ప మీద ఎంతమందిని ఎక్కిస్తాడు? అప్పుడొక మాట తోచింది. వేలాపురంలో ఒక ఆచారం ఉంది. పెళ్లికూతురి తరఫు వాళ్లు ఊరి పొలిమేరకు వస్తే, పెళ్లికొడుకు తండ్రి తన చేత్తో పానకం పట్టుకుని ఎదురెళ్లి లోపలికి తీసుకురావాలి. అలా చేయని ఇంటితో ఊరు వియ్యమందదు.

"చెంగల్వా, నన్ను పెళ్లి చేసుకుంటావా? నువ్వు కోడలివైతే వీళ్లంతా మా నాన్నకు వియ్యాలవారే."

చెంగల్వ అతని ముఖంలోకి చూసింది. "మెడలో తాడు పడితే చుట్టాలం. పడకపోతే ఎవరమయ్యా?"

ఎప్పుడూ ఆగని అతని నోరు ఆగిపోయింది.

ఆమె చంకలోని పిల్లను చూసుకుంది. మోకాళ్లదాకా ఉన్న నీళ్లు తొడలదాకా వచ్చాయి. "కట్టు" అంది.

పసుపు లేదు, మేళం లేదు. వలతాడు పోగు తీసి ముడి వేశాడు. ఒడ్డున జాలర్లు చూసి, "చినబాబు పెళ్లిరోయ్!" అని కేకలు పెట్టారు. ఆ కేక బజారంతా పాకింది. జనం రేవుకొచ్చి కోట వైపు చూశారు. నిజం విన్నా కదలని రాజు పరువుకు కదిలాడు. పట్టుపంచె తడుస్తుండగా, పానకం బిందెతో, నడుం లోతు నీళ్లలోకి నడిచాడు. వెనక పడవలన్నీ విప్పారు. ఒడ్డుకు చేరినవాళ్లు చేరారు. చివరి పడవ వెళ్లేసరికి దిబ్బ మీద ఎవరూ లేరు. దిబ్బే లేదు.

తర్వాత జనం కోరగా అరుణకేతు రాజై చాలా కాలం ఏలాడు. యుద్ధపు ఓడల్లో మట్టి, మొక్కలు నింపి ద్వీపానికి పంపాడు. కొన్ని బతికాయి. చెంగల్వ మహారాణి అయింది, పిల్లల తల్లి అయింది. సముద్రం మీద కొత్త పడవలు కనిపించినప్పుడల్లా సభ తీరేది, పెద్దలు గొంతు సవరించుకునేవారు. ఆమె మాత్రం సభకు వెళ్లేది కాదు. గంజి కుండలు పడవకెక్కించుకుని, వాళ్లకు ఎదురు వెళ్లిపోయేది.