పొలుసమ్మ చెరిపేసిన గీతలు

అనగనగా, నాలుగు చినుకులు పడితే చాలు వాగు పొంగి మీదికొచ్చే ఒక అడవి. ఆ వాగు గట్టున ఒక గుహ. అందులో పొలుసమ్మ అనే అలుగు ఉండేది. అలుగంటే తెలుసుగా? ఒళ్లంతా పెంకుల్లాంటి పొలుసులు, చీమలే తిండి. అడవిలో వాళ్లంతా మేతకు పోతూ తమ పిల్లల్ని పొలుసమ్మ దగ్గరే వదిలేవాళ్లు. పిల్లలంటే ఆవిడకు ప్రాణం.

ఎందరిని వదిలారో గుహ గోడ మీద ఎర్రమట్టితో ఎవరి గుర్తు వాళ్లు పెట్టేవాళ్లు. అడవికోడి కాలిముద్ర వేసేది. దాని కాలికి ముందు మూడు వేళ్లు కదా, ముద్రకు ముగ్గురన్నమాట. కొండముచ్చు మామ అరచెయ్యి అద్దేవాడు. అంటే ఐదుగురు. కుందేలు మెత్తమ్మకు ఆ తెలివితేటలేవీ లేవు. పిల్లకొక గీత, అంతే. పదిమంది పిల్లలు, పది గీతలు. గీత గీసినప్పుడల్లా ఒకర్ని పేరు పెట్టి పిలిచి ముద్దు పెట్టుకునేది.

ఒకరోజు చెరువు దగ్గర ఒక ముసలి కొంగ కొత్తరకంగా లెక్క రాస్తుంటే పొలుసమ్మ చూసింది. ఒకట్లు కుడి పక్కన, పదులు ఎడమ పక్కన. ఎంత పెద్ద లెక్కయినా జానెడు చోటు చాలు! ఆవిడ సంతోషం పట్టలేకపోయింది. ఇంటికొచ్చి తడితోకతో గోడంతా తుడిచేసింది.

"అయ్యో అక్కా, నా గీతలు!" అంది మెత్తమ్మ.

"పదిమందికి పది గీతలెందుకే పిచ్చిదానా? ఎడమ పక్కన ఒక్క గీత చాలు."

"మరి కుడి పక్కన?"

"అక్కడేమీ లేదుగా. లేనిదాన్ని ఏమని రాస్తాం?"

మెత్తమ్మకు మనసొప్పలేదు. అయినా పెద్దావిడ మాట కాదనలేక పిల్లల్ని వదిలి మేతకు వెళ్లింది. పొలుసమ్మ గోడ మీద కుందేలు చెవుల బొమ్మ వేసి, దాని పక్కన ఒక్క గీత గీసింది.

మూడో రోజు మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయారని పొలుసమ్మ చీమల పుట్టకు వెళ్లింది. ఇంతలో వాన దంచికొట్టింది. వాగు పొంగి గుహలోకి వచ్చేసింది. అందరికంటే ముందు కొండముచ్చు మామ వచ్చాడు. పాపం, ఎంత మంచివాడో! తన పిల్లల్నీ, కోడిపిల్లల్నీ, ఎదురుగా కనపడ్డ ఒక కుందేలు పిల్లనీ ఎత్తుకుని గోడ వైపు చూశాడు. వెనక చీకట్లో ముడుచుకున్న మిగతా కుందేలు పిల్లలు ఆయనకు కనపడలేదు. కుందేలు బొమ్మ పక్కన ఒకే గీత. అది ఎడమ పక్కదో కుడి పక్కదో ఆయనకేం తెలుసు? "హమ్మయ్య, అందరూ వచ్చేశారు" అనుకుని గుట్టెక్కేశాడు.

పొలుసమ్మ, మెత్తమ్మ పరుగున గుట్ట మీదికి వచ్చారు.

"నా మిగతా తొమ్మిదిమంది ఏరి మామా?" అని అడిగింది మెత్తమ్మ.

"గోడ మీద ఒక్కటే ఉంది కదమ్మా!"

"అది ఒకటి కాదు మామా, పది!" అని అరిచింది పొలుసమ్మ.

ముగ్గురూ కిందికి పరిగెత్తారు. గుహ వాకిలి అప్పటికే మునిగిపోయింది. పొలుసమ్మ గుహ పైకెక్కి మట్టి తవ్వింది. గోళ్లు చిట్లుతున్నా ఆగలేదు. కన్నం పడింది. మామ చెయ్యి పెట్టి ఒక్కొక్కర్నే పైకి లాగాడు. మెత్తమ్మ ఏడుస్తూనే బురదలో పిల్లకొక గీత గీసింది.

"అయిపోయారు. ఇంక చేతికెవరూ తగలట్లేదు" అన్నాడు మామ.

"లేదు మామా! ఎనిమిది గీతలే ఉన్నాయి. నా చిట్టి రాలేదు!"

పొలుసమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. తలకిందులుగా కన్నంలోకి దూరింది. మామ ఆవిడ తోక గట్టిగా పట్టుకున్నాడు. ఓ మూల చిట్టి మెడదాకా నీళ్లలో బిక్కచచ్చి ఉంది. పొట్టకు హత్తుకుని పైకి తెచ్చింది. మెత్తమ్మ తొమ్మిదో గీత గీసి చిట్టి మీద పడి బావురుమంది.

"తప్పంతా నాదేనే. నన్ను తిట్టు" అంది పొలుసమ్మ.

"తిట్టడమెందుకక్కా? నీ లెక్క మంచిదే. కుడి పక్కన ఏమీ లేదని కూడా రాసుంటే బాగుండేది."

"ఎలా రాస్తావే దాన్ని?"

మెత్తమ్మ ఒక గీత గీసి దాని పక్కన గుండ్రంగా చుట్టింది. "ఎవరూ లేని బొరియ ఇలాగేగా ఉంటుంది."

పొలుసమ్మ దాని దగ్గరికి వంగింది. తర్వాత చిట్లిన గోటితోనే బురదలో వంకరటింకరగా ఒకటి చుట్టి, "ఇలాగేనా మెత్తమ్మా? సరిగ్గా వచ్చిందా?" అని అడిగింది.

నీతి: ఎదుటివాళ్ల పద్ధతిని చెరిపేసే ముందు, అది వాళ్లకు దేన్ని కాపాడుతోందో అడిగి తెలుసుకోవాలి.