ఆఖరి మాట దాకా

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే గట్టు మీద ఊరు కాదమ్మా, గోదారి నడుమ చిన్న లంక, ఆ లంకలో వరహాలు అని ఒక పిల్ల ఉండేది. అచ్చం నీ ఈడుది. బడేమో అవతలి ఒడ్డున. రోజూ పొద్దున్నే పిల్లలంతా పల్లయ్య తాత పడవెక్కి బడికి పోయేవాళ్ళు.

వరహాలు మంచి పిల్లే గానీ నోరు ఆగదు. ఎవరేం చెప్పబోయినా మధ్యలో దూరి తనే చెప్పేసేది. అదే లంకలో, దాని క్లాసులోనే మంగతాయి అని చేపలు పట్టేవాళ్ళ పిల్ల. పాపం, దానికి నత్తి. వరహాలు "మం... మం... మంగతాయి" అని వెక్కిరించేది. అందరూ పకపకా నవ్వేవాళ్ళు. ఆ తర్వాత మంగతాయి మాట్లాడ్డమే మానేసింది.

అప్పుడు పెద్దమేష్టారు, "ఆ వరహాలు చేత గుంజీళ్ళు తీయించండి" అన్నారు.

"తీస్తే దాని కాళ్ళు గట్టిపడతాయండీ. మంగతాయికి మాటొస్తుందా?" అంది శేషారత్నం టీచరమ్మ.

ఆవిడ వరహాల్ని దగ్గరికి పిలిచింది. "అన్నాలయ్యాక మంగతాయి నీకో కథ చెబుతుంది. ఆఖరి మాట దాకా వినాలి. నువ్వు మాట అందించకూడదు" అంది. "నీకిష్టమేనా?" అని మంగతాయినీ అడిగింది. అది కాలి వేళ్ళకేసి చూసుకుంటూ తలూపింది.

మొదటిరోజు వరహాలు సగం మాటలోనే అందేసుకుంది. మంగతాయి నోరు మూసేసుకుంది.

రెండోరోజు వరహాలు పెదాలు బిగబట్టింది గానీ, కళ్ళు మాత్రం గోడ మీది ఉడత మీదున్నాయి. "నువ్వు వి... విన్లేదు" అని మంగతాయి లేచిపోయింది. వరహాలికి ఆ పూట ఆట మీదకి మనసు పోలేదు.

మూడోరోజు దాని మొహంలోకే చూస్తూ కూర్చుంది. అప్పుడు మంగతాయి మెల్లిగా, ఆగి ఆగి చెప్పింది. నీళ్ళు మాట్లాడతాయట. ఇసుక మీద గుసగుసలాడతాయట. లోతులో ఊఁ కొడతాయట. రాళ్ళ దగ్గర గొణుక్కుంటాయట. వింటుంటే వరహాలికి తను నీళ్ళ మీద పడుకుని తేలిపోతున్నట్టే ఉంది. 'ఇంత కథా దీని నోట్లోనే ఉండిపోయిందా! నేనే కదా ఉంచేసింది' అనుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఒక పొద్దున గోదారి మీద మంచు దిగింది. పాలు ఒలికినట్టు తెల్లగా. నీళ్ళేవో, ఆకాశమేదో తెలీదు. పడవ మబ్బులో పోతున్నట్టు పోతోంది. ఆ తెలుపు చూసి పిల్లలు ఒకటే కేరింతలు. పల్లయ్య తాతకి చూపు ఆనలేదు. చెవులా, ఎప్పుడో మందగించాయి.

ఉన్నట్టుండి మంగతాయి నీళ్ళకేసి చెవి ఒగ్గి, లేచి నిలబడింది. "రా... రా..." అంది.

"ఎవర్నే రమ్మంటున్నావ్?" అని పిల్లలు నవ్వారు.

"రా... రా..." దాని మొహం ఎర్రబడింది.

వరహాలికి నాలుక చివరిదాకా వచ్చింది, ఏదో ఒక మాట అందించేద్దామని. కానీ ఆపుకుంది. "ఉష్! అందరూ నోరు ముయ్యండి. దాన్ని చెప్పనివ్వండి!" అని మంగతాయి చెయ్యి పట్టుకుంది. పడవంతా నిశ్శబ్దం.

"రా... రాళ్ళు! తాతా, ఎ... ఎడమకి తిప్పు!"

వరహాలు అదే మాట తాత చెవిలో గట్టిగా అరిచింది. తాత గెడ వేసి బలంగా తోశాడు. పడవ గిర్రున తిరిగింది. జానెడు దూరంలో, మంచులోంచి నల్లటి రాళ్ళు ఏనుగుల్లా పక్కనుంచి జరిగిపోయాయి.

ఒడ్డు చేరాక తాత మంగతాయి తల నిమిరాడు.

ఆ రోజు బళ్ళో మంగతాయి లేచి, నీళ్ళు ఎలా మాట్లాడతాయో అందరికీ చెప్పింది. దాని నత్తి దానిదే, ఎక్కడికీ పోలేదు. మధ్యాహ్నం గంట కొట్టారు. అన్నం చల్లారిపోయింది. ఒక్కరంటే ఒక్కరు లేవలేదమ్మా.

కథ వెళ్ళె కంచికి,
మంచు వెళ్ళె మింటికి,
నిద్ర వచ్చె కంటికి,
మనం వెళ్దాం ఇంటికి.