కుడివైపు బద్దలు

ధర్మయ్య మేస్త్రికి మెచ్చుకోవడం చేతకాదు. తాళ్ళరేవులో అసలు ఓడ కట్టేముందు షావుకార్లకు చూపించే చిన్న చెక్క ఓడలు ఆయన పాకలో తయారయ్యేవి. శిష్యుల పని మీద అరచెయ్యి ఒకసారి నిమిరి "ఊఁ" అనేవాడు, అంతే. ఆ "ఊఁ" చిన్న శిష్యుడు లోవరాజు పని దగ్గర కాస్త సాగుతోందనీ, తన పని దగ్గర తెగిపోతోందనీ పెద్ద శిష్యుడు సన్యాసిరావుకు అనుమానం. అనుమానమని మర్యాదకు అంటున్నాను గానీ, అది నిఖార్సైన కడుపుమంట. వెనకొచ్చినవాడు తనను దాటిపోతున్నాడంటే అన్నం ముద్ద గొంతు దిగేది కాదు.

ఆఖరికి ఒకనాడు అడిగేశాడు. "ఆడికంటే నా పనిలో లోటేంటండీ? షావుకారుగారి పెద్ద ఓడకి ఆణ్ణే మేస్త్రీగా పెడతారని ఊరంతా అనుకుంటన్నారు."

ధర్మయ్య లోపలికి వెళ్ళాడు. అడుగున పొడుగ్గా ఉండే వెన్నుకర్రకు పక్కటెముకల్లాంటి చట్రాలు బిగించిన కొత్త చిన్న ఓడను తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాడు. "కుడివైపు బద్దలు నువ్వెయ్యి. ఎడంవైపు లోవరాజేస్తాడు. షావుకారు చూసి ఎవరి పని మెచ్చితే ఆళ్ళకే పెద్ద ఓడ."

ఆ పాకలో అడుగుపెట్టిన ఎవరికైనా మొదట నేర్పే సంగతి ఒకటుంది. వేడినీళ్ళలో నానబెట్టి వంచిన సన్నని చెక్కబద్దను ఒకవైపు అతికిస్తే, వెంటనే రెండోవైపు దాని జోడు అతికించాలి. ఆరేకొద్దీ బద్ద బిగుసుకుని వెన్నుకర్రను తనవైపు లాగుతుంది. అవతలి బద్ద ఉంటేనే ఆ లాగుడు ఆగుతుంది. ఇది సన్యాసిరావుకు తెలియక కాదు. కొత్తవాళ్ళకు పాఠం చెప్పేది తనే.

కొన్ని బద్దలు జోడుగానే పడ్డాయి. ఇంతలో భార్యకు నొప్పులొస్తున్నాయని లోవరాజుకు అత్తవారింటి నుంచి కబురొచ్చింది. "నేనొచ్చేదాకా చెయ్యెట్టకు అన్నయ్యా," అని వేడుకుని పరుగెత్తాడు. సన్యాసిరావు తలూపాడు. వీధి మలుపు తిరిగేదాకా అతని వీపునే చూసి, బద్దలు నానబెట్టడానికి నీళ్ళు పొయ్యి మీద పెట్టాడు.

చెయ్యి తిరిగినవాడేమో, కుడివైపు అద్దంలా వచ్చింది. రెండు బద్దల మధ్య గోరు కూడా దూరదు. మేస్త్రి పక్కనుంచి పోతూ చూశాడు, ఏమీ అనలేదు. అనకపోవడమే మెచ్చుకోలనుకుని సన్యాసిరావు ఇంకా హుషారెక్కాడు. ఎడంవైపు బోసిగా కనిపిస్తున్న చట్రాలను చూస్తుంటే అతనికి ఎక్కడలేని హాయిగా ఉండేది.

లోవరాజు ఆడపిల్ల పుట్టిందని పాలకోవా పొట్లంతో వచ్చాడు. ఓడను చూడగానే మొహం మాడిపోయింది.

"ఇదేంటన్నయ్యా?"

"నా వైపు నేనేసుకున్నాను. నీ వైపు నువ్వేసుకో," అన్నాడు సన్యాసిరావు, కోవా నోట్లో వేసుకుంటూ.

లోవరాజు పొట్లం పక్కన పెట్టి ఎడంవైపు పూర్తిచేశాడు. కానీ అప్పటికే బంక రాయిలా గట్టిపడింది, వెన్ను వంగిపోయింది. కంటికి పెద్దగా ఆనదు, నీటికి తెలుస్తుంది.

షావుకారు వచ్చి ఓడను కాలవలో వదిలించాడు. అది నాలుగు బారలు పోయి, కుడికి తిరిగి, గట్టునున్న తుంగలో దూరింది. బయటికి తీసి మళ్ళీ తోశారు. మళ్ళీ తుంగలోకే. షావుకారు "పెద్ద ఓడా ఇలాగే పోతే నా సరుకు ఏ రేవు చేరుద్దయ్యా?" అన్నాడు. ఓడ వేరేచోట కట్టించుకుంటానని చెప్పి వెళ్ళిపోయాడు. లోవరాజు తలొంచుకుని గట్టు మీద కూలబడ్డాడు.

సన్యాసిరావు మాత్రం మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, ఓడను పైకెత్తి, కుడివైపు గురువు మొహానికి తిప్పి పట్టుకున్నాడు.

"మీరే చూడండి మేస్త్రిగారూ. నా వైపు ఒక్క తప్పుంటే చూపించండి."

ధర్మయ్య ఒంగి బద్దల మీద అరచెయ్యి ఒకసారి నిమిరాడు.

"నీ వైపు తప్పేం లేదురా," అన్నాడు. "ఇక దాన్ని తిన్నగా పొమ్మను."