ఆగని ఎడమచెయ్యి

సామర్లకోటలో చిక్కాలవారింట్లో ఉన్నది ముగ్గురే. అయినా ఊరికంతటికీ సరిపడా తెలివి తమ దగ్గరే ఉందని వాళ్ళ నమ్మకం. "చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలివంటే!" అనేవాడు ఇంటాయన సత్తిరాజు. భార్య నూకరత్నం, కూతురు చిట్టి తలలూపేవారు.

నూకరత్నానికి యాభయ్యో ఏట రాక్ పియానో మీద, అంటే జోరుగా దరువేసే ఇంగ్లీషు వాయింపు మీద, మనసైంది. కరెంటు కీబోర్డు కొన్నారు. నేర్పడానికి సువర్చల దొరికింది. ఫోన్లో చూసి చూసి, తనంతట తనే వేళ్ళు అరగదీసుకుని నేర్చుకున్న పిల్ల. నూకరత్నమే తొలి శిష్యురాలు. ఆదివారం కల్యాణమండపంలో ఈవిడ ఒక్క పాట వాయిస్తే నలుగురు చేరతారు, సంగీతం బడి అని బోర్డు కట్టుకోవచ్చని సువర్చల ఆశ. లేకపోతే మళ్ళీ అన్నయ్య బట్టలకొట్లో చీరలు మడతపెట్టుకోవడమే.

"చూడండి పిన్నిగారూ, కుడిచెయ్యి ఎన్ని వేషాలేసినా, ఎడమచెయ్యిది ఒకటే దరువు. ఏం జరిగినా ఆగకూడదు," అంది సువర్చల.

అంతే. మర్నాడు సువర్చల వెళ్ళేసరికి నూకరత్నం కుడిచేత్తో పప్పన్నం తింటోంది, ఎడమచేత్తో వాయిస్తోంది. వెనక చిట్టి తల్లికి జడ అల్లుతోంది.

"నిన్నట్నుంచీ ఆపలేదు టీచరమ్మగారూ!" అంది నూకరత్నం.

"మరి నిద్రో?"

"అది పడుకుంటే చెయ్యి నేనాడించానండి," అన్నాడు సత్తిరాజు, మీసం దువ్వుకుంటూ.

"అయ్యో బాబాయిగారూ, పాట అయ్యేదాకా ఆగకపోతే చాలు! ఇంకోటి, వాయించేటప్పుడు వేళ్ళకేసి చూడకూడదు."

ఇంకేముంది, మర్నాటికి నూకరత్నం కీబోర్డుకి వీపు పెట్టి కూర్చుని, చేతులు వెనక్కి విరుచుకుని మూలుగుతోంది. సువర్చల ఆవిణ్ణి ఇటు తిప్పి, నుదురు కొట్టుకుని, "ఆదివారం గట్టిగా వాయించండి. చివరి వరసకి కూడా వినపడాలి," అంది.

ఆదివారం మండపం నిండింది. సత్తిరాజు, చిట్టి కలిసి చివరి వరస కుర్చీలన్నీ, కూర్చున్న మనుషులతో సహా, ఈడ్చుకొచ్చి కీబోర్డు పక్కన పెట్టారు. "ఇప్పుడు వినపడకపోతే అడగండి!"

నూకరత్నం మొదలెట్టింది. ఆశ్చర్యం, దరువు అదిరింది! సువర్చల కళ్ళముందు బోర్డు మెరిసింది. సరిగ్గా సగం పాటకి కరెంటు పోయింది. కీబోర్డు మూగబోయింది. నూకరత్నం చెయ్యి మాత్రం ఆగలేదు. చప్పుడు లేని పాటంతా చివరిదాకా వాయించి, లేచి దణ్ణం పెట్టింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వి, ఇళ్ళకి పోయారు. ఒక్కరూ చేరలేదు.

మర్నాడు సువర్చల మొహం వేలాడేసుకుని చిక్కాలవారింటికొచ్చింది. కీబోర్డుకి రెండు దుప్పట్లు చుట్టి, పైన తాడు బిగించి ఉంది.

"ఇదేంటి బాబాయిగారూ?"

"నిన్న కరెంటు లేనప్పుడు వాయించిన సగం పాట లోపలే ఉండిపోయింది కదండీ! కారిపోకుండా కట్టేశాం. ఊళ్ళోవాళ్ళందర్నీ పిలుచుకొచ్చి, ప్లగ్గు పెట్టి విప్పుదాం. అది విన్నారంటే మీ బడికి జనం ఎగబడిపోరూ!"

సువర్చల అటూ ఇటూ చూసి, మెల్లిగా వంగి, దుప్పటికి చెవి ఆనించింది.