మరిచి తిన్న జామకాయ

రంజాన్ నెలలో ఒక సాయంత్రం. రాళ్లకోట నవాబు ఫిరాసత్ అలీగారికి పొద్దు గడవడం లేదు. సాయంకాలం నమాజు అయింది గానీ ఉపవాసం విడిచే ఇఫ్తార్ నగారా మోగడానికి ఇంకా బోలెడు టైముంది. ఆకలి మీదున్న ప్రభువుకి ఏ సరదా పుడుతుందో ఎవరు చెప్పగలరు?

"కోట బడి పిల్లల్ని పిలవండి! దీన్ గురించి, మన ధర్మం గురించి ఏం నేర్చుకున్నారో విందాం. ఈ ఏడాది మొదటిసారి రోజా పట్టి ఉపవాసం ఉన్న పిల్లలకి నా చేత్తో పూలదండ వేస్తా!" అన్నారు.

పిల్లలు బిలబిలా వచ్చారు. వెనకాలే పంతులమ్మ జులేఖాబీ వచ్చింది.

ఓ పక్కన బుడన్ మియా ఇఫ్తార్ తరవాతకి కిళ్లీలు చుడుతున్నాడు. నవాబుగారి పాన్‌దాన్, అదే కిళ్లీల పెట్టె, మోసే కొలువు ఆయనది. తన మనవలందరికీ అక్షరాలు దిద్దించిన జులేఖాబీ అంటే ఆయనకి ప్రాణం.

పరీక్ష చేసే పని షంషీర్ బేగ్‌ది. బడులన్నిటి మీదా అజమాయిషీ చేసే దరోగా ఆయనే. ఆ పదవి చదువుతో వచ్చింది కాదు లెండి, దివాన్‌గారి చెల్లెల్ని చేసుకుంటే వచ్చింది. జులేఖాబీని పంపేసి ఆ చోట తన మేనల్లుణ్ణి కూర్చోబెట్టాలని ఎన్నాళ్లుగానో కాచుకుని ఉన్నాడు.

"మన విశ్వాసం ఏమిటి?" గద్దించాడు.

"అల్లాహ్ ఒక్కడే. ముహమ్మద్ ఆయన ప్రవక్త."

"నమాజుకి ముందు?"

"వుజూ! చేతులు, నోరు, ముక్కు, ముఖం కడుక్కుని..." అంటూ పిల్లలు గాలిలోనే నీళ్లు పోసుకుని చేసి చూపించారు.

"జకాత్ దేనికి?"

"మన దగ్గరున్న దాంట్లో పేదవాళ్ల వాటా ఉంది. అది వాళ్లకి ఇచ్చెయ్యడానికి."

"భేష్!" అన్నారు నవాబుగారు.

షంషీర్ బేగ్ ముఖం మాడింది. అప్పుడే దండ కోసం ముందుకొచ్చి నిలబడిన రుఖియా కంటబడింది. కొత్త ఓణీ, రెండు జడలు, ఎండిన పెదాలు.

"ఆగవే! నీకు దండా? మధ్యాహ్నం బడి పెరట్లో జామకాయ కొరకడం నేను చూడలేదనుకున్నావా?"

రుఖియా కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "ఆడుకుంటూ మరిచిపోయా సాబ్. గుర్తు రాగానే ఉమ్మేశాను."

"మరిచి తింటే రోజా పోదు హుజూర్. పిల్లకి ఆ మాట చెప్పింది నేనే," అంది జులేఖాబీ.

"విన్నారా హుజూర్, ఈవిడ చదువు!" షంషీర్ బేగ్ చేతులు తిప్పాడు. "తిన్నాక తిన్నట్టే! కడుపుకి మరపు తెలుసా? రోజా పోయినవాళ్లకి ఈ ఇఫ్తార్ పంక్తిలో చోటు లేదు. తప్పు చదువు చెప్పేవాళ్లకి బడిలో చోటు లేదు!"

నవాబుగారు గడ్డం గీరుకున్నారు. చిన్నప్పుడు చదివిన దాంట్లో సగం మరిచారు, మిగతా సగం ఖాజీగారికి వదిలేశారు. ఆ ఖాజీగారేమో ఊళ్లో లేరు.

"బుడన్ మియా! నగారా మోగేలోగా ఈ తగువు తేల్చు. లేకపోతే దరోగా మాటే ఖాయం."

బుడన్ మియాకి ఒళ్లు మండిపోతోంది. పసిపిల్ల పొద్దున్నించి నోరు కట్టుకుంటే ఇదా బహుమానం! కానీ ముఖాన చిరునవ్వు చెరగనివ్వలేదు. మెల్లగా లేచి, పాన్‌దాన్ తెచ్చి, ఏడాది పొడుగునా అది ఉండే చోటే, దరోగాగారి కుడిచేతి పక్కన పెట్టాడు.

"దరోగా సాబ్, మొద్దుబుర్ర నాది. మరపుకి మన్నింపు ఎందుకు లేదో కాస్త విడమరిచి చెబుదురూ."

అడగడమే ఆలస్యం. షంషీర్ బేగ్ గొంతు సవరించుకున్నాడు.

"బండివాడు మరిచిపోయి గోతిలోకి తోలితే బండి పడదా?"

"ఆహా! పడుతుంది సాబ్!"

"వంటవాడు ఉప్పు మరిచిపోతే కూర చప్పబడదా?"

"ఎంత మాటన్నారు! ఇంకా?"

పొగడ్తకి దరోగా ఉబ్బిపోయాడు. మంచి మాట ఒకటి పేలగానే ఓ కిళ్లీ బిగించడం ఆయనకి అలవాటు, అది కొలువంతా ఎరిగిందే. "కనక హుజూర్, మరపు అనేది..." అంటూ చెయ్యి దానంతటదే పాన్‌దాన్‌లోకి వెళ్లింది. కిళ్లీ నోట్లోకి వెళ్లింది. కసుక్కున నమిలాడు.

"దరోగా సాబ్! రోజా!" అని అరిచింది రుఖియా.

ఉబ్బిన బుగ్గతో షంషీర్ బేగ్ కొయ్యబారిపోయాడు. ఉమ్మితొట్టి దగ్గరికి పరుగెత్తి ఉమ్మేసి వచ్చి లబోదిబోమన్నాడు.

"హుజూర్! ఒట్టు! మరిచిపోయాను!"

బుడన్ మియా చేతులు కట్టుకుని తాపీగా అడిగాడు.

"కడుపుకి మరపు తెలుసా, దరోగా సాబ్?"

నవాబుగారు నవ్వాపుకోలేక మీసం కొరుక్కున్నారు. "చెప్పు షంషీర్ బేగ్. నీ రోజా ఉన్నట్టా, పోయినట్టా? పోయిందంటే పంక్తిలోంచి లే. ఉందంటే, ఆ తీర్పు ఎవరిదో చెప్పి కూర్చో."

షంషీర్ బేగ్ తేలు కుట్టిన దొంగలా నేలచూపులు చూశాడు. "ఉన్నట్టే హుజూర్. తీర్పు... జులేఖాబీది."

"నాది కాదు," అంది జులేఖాబీ. "రుఖియా, చెప్పమ్మా."

రుఖియా కళ్లు తుడుచుకుంది. "మరిచిపోయి తింటే, తాగితే, అల్లాహ్ తినిపించినట్టే, తాగించినట్టే. రోజా పూర్తి చేసుకోవాలి. ప్రవక్తగారు చెప్పారు. మీరేం భయపడకండి సాబ్!"

కొలువంతా కడుపుబ్బా నవ్వింది. నవాబుగారు రుఖియా మెడలో దండ వేసి పక్కన కూర్చోబెట్టుకున్నారు. జులేఖాబీ కొలువు బతికున్నన్నాళ్లూ ఆమెదేనన్నారు. దరోగాగారు మాత్రం రేపటినించి పిల్లలతో పాటు చాప మీద కూర్చుని పాఠం వినాలన్నారు. తన భుజం మీది శాలువా తీసి బుడన్ మియాకి కప్పారు.

"కిళ్లీ పెట్టి మనిషిని మరిపించావు కదయ్యా!"

"పెట్టె పెట్టాను హుజూర్. చెయ్యి ఆయనదే."

ధన్‌మని నగారా మోగింది. అందరూ ఖర్జూరం నోట్లో వేసుకున్నారు. బుడన్ మియా మంచి కిళ్లీ ఒకటి ఏరి షంషీర్ బేగ్ ముందుంచాడు.

"ఈసారి గుర్తుపెట్టుకుని తినండి సాబ్."